రైలుకట్ట నుంచి నదికట్ట దాకా: సింగపూర్‌లో మూడు రోజుల నడక

సింగపూర్‌లో మా తెలుగు నడక బృందానికి కఠినమైన నియమం ఒక్కటే ఉంది. ముందు ఎవరు నడిచినా ఫరవాలేదు గాని, అందరికంటే వెనక నడిచే మనిషి ఎవరో బయలుదేరక ముందే తేలిపోవాలి. ఆ మనిషిని మేము ‘తోక’ అంటాము. తోక కంటే వెనక ఎవరూ మిగలకూడదు, తోకను వదిలేసి ఎవరూ రైలెక్కకూడదు. వెసాక్ పండుగ, అంటే మన వైశాఖ పూర్ణిమ, సోమవారం వచ్చి శని, ఆదివారాలతో కలిసి మూడు రోజుల సెలవు దొరికినప్పుడు ఇరవై రెండు మందిమి నడకకు సిద్ధమయ్యాము, తోక పని నాకు అప్పగించారు. అది నా ఓపిక చూసి ఇచ్చిన పదవి కాదు. కృష్ణా డెల్టా కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మా మామయ్యగారు ఆ నెల మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన ఎక్కడ నీళ్లు కనిపిస్తే అక్కడ ఆగిపోతారని బృందంలో అందరికీ అప్పటికే తెలిసిపోయింది.

దారి ఎంపిక మీద వారం రోజులు చర్చ నడిచింది. ఈ ఊళ్లో పార్కుకు పార్కుకు మధ్య వేసిన పచ్చబాటల మొత్తం పొడవు 300 కిలోమీటర్లు దాటింది, వాటిని ఇక్కడ పార్క్ కనెక్టర్లు అంటారు. 1990ల నుంచి వీటిని వేసుకుంటూ వచ్చారు. కొత్తగా భూమి సేకరించే బాధ లేకుండా, వాన నీటి కాలువల గట్ల మీద నిర్వహణ కోసం వదిలిన స్థలాన్నీ, పైవంతెనల కింద ఖాళీగా పడివున్న నేలనూ చాలాచోట్ల ఇందుకు వాడుకున్నారు. చివరికి ఒక రోజు పాత రైలుకట్ట మీద, మిగతా రెండు రోజులు కల్లాంగ్ నది వెంట నడవాలని తేల్చుకున్నాము. కల్లాంగ్ సింగపూర్‌లో అన్నిటికంటే పొడవైన నది. ఆ పొడవు పది కిలోమీటర్లు. ఈ మాట విన్న మామయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టి, “పది కిలోమీటర్లకు నది అంటారా అమ్మాయ్? మన పంట కాలువ అంతకంటే పొడుగుంటుంది” అన్నారు. రావడానికి మాత్రం అందరికంటే ముందు బూట్లు తుడుచుకున్నది ఆయనే.

మొదటి రోజు, శనివారం

కింగ్ ఆల్బర్ట్ పార్క్ మెట్రో స్టేషన్ బయట తెల్లవారకముందే కలుసుకున్నాము. భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా ఉన్నా ఇక్కడ ఏడు గంటలకు గాని సూర్యుడు రాడు. అందుకే మా నడకలన్నీ చీకట్లో మొదలవుతాయి. నాలుగు అడుగులు వేయగానే బుకిట్ తీమా రోడ్డు మీదుగా వెళ్లే పాత ఉక్కు రైలు వంతెన, దాన్ని దాటగానే ఎర్ర ఇటుకలతో కట్టిన చిన్న రైల్వే స్టేషన్ వస్తాయి. 1932 నాటి ఆ స్టేషన్‌ను బాగుచేసి 2022 జూలైలో మళ్లీ తెరిచారు. ప్లాట్‌ఫారం ఉంది, సిగ్నళ్లు దించే ఇనుప మీటలు ఉన్నాయి, కొద్దిమేర పట్టాలు కూడా ఉన్నాయి, కాని రైలు రాదు.

ఈ దారి కథ కొంచెం విచిత్రమైనది. ఉత్తరాన వుడ్‌ల్యాండ్స్ నుంచి దక్షిణాన తాంజోంగ్ పగార్ దాకా ద్వీపాన్ని నిలువునా చీలుస్తూ వెళ్లే 24 కిలోమీటర్ల ఈ రైలుమార్గం, దాని కింది నేలతో సహా, మలేసియా రైల్వే చేతిలో ఉండేది. సింగపూర్ 1965లో వేరే దేశమైన తర్వాత కూడా అది అలాగే కొనసాగింది. 1990లో మొదటి ఒప్పందం కుదిరింది, అది కొలిక్కి వచ్చేసరికి 2010 అయింది. 2011 జూన్ 30 రాత్రి చివరి రైలును జొహోర్ సుల్తాన్ స్వయంగా నడుపుకుంటూ వెళ్లారు, మర్నాడు నేల చేతులు మారింది. పట్టాలు తీసేశాక, నగరం నడిబొడ్డున ఇరవై నాలుగు కిలోమీటర్ల పొడవున సన్నని పచ్చని చీలిక మిగిలింది. దాని మీద భవనాలు లేపకుండా నడకకు వదిలేయడం చిన్న నిర్ణయమేమీ కాదు. ఇక్కడ నేల ధర తెలిసినవాళ్లు ఆ మాట గట్టిగా చెబుతారు.

మా బృందంలో మలేసియాలో పుట్టి పెరిగిన ఒక అక్క ఉన్నారు. ఆవిడ ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వెళ్లినవారు. ఆ రోజుల్లో గోదావరి, విశాఖ జిల్లాల నుంచి అలా వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆవిడ తెలుగులో మనం మరిచిపోయిన మాటలు వినపడతాయి, మధ్యలో మలయ్ మాటలు దొర్లుతాయి. చిన్నప్పుడు అమ్మమ్మతో కలిసి జొహోర్ బారు నుంచి ఇదే రైల్లో సింగపూర్ వచ్చేదాన్నని ప్లాట్‌ఫారం అంచున నిలబడి చెప్పారు. ఈ స్టేషన్‌లో బండి పూర్తిగా ఆగేది కాదట. వేగం తగ్గించి, డ్రైవరు చెయ్యి బయటికి చాచి, తీగ చుట్టకు కట్టిన టోకెన్ ఒకటి ఇచ్చి ఇంకొకటి అందుకునేవాడట. ఒంటి పట్టా మార్గంలో ఎదురెదురుగా రెండు బళ్లు రాకుండా చూసే ఏర్పాటు అది. “మా తెనాలి, రేపల్లె లైనులో కూడా చిన్నప్పుడు చూశాను” అని మామయ్యగారు అందుకున్నారు. ఇద్దరూ కలిసి ఆ తీగ చుట్ట ఎంత వెడల్పు ఉండేదో చేతులతో కొలిచి చూపించుకుంటుంటే, పక్కనున్న పిల్లలకు అదేదో పాత ఆటలాగా తోచింది.

స్టేషన్ దాటి దక్షిణానికి నడిచినంతసేపు రెండు పక్కలా పొదలు, వాటి వెనక అపార్టుమెంట్లు. గడ్డిలో అత్తిపత్తి విస్తారంగా ఉంది. వేలితో తాకగానే ఆకులు ముడుచుకుంటుంటే పిల్లలు వరసగా తాకుతూ పోయారు, వాళ్ల వెనక బాట పొడవునా ఆకులన్నీ తల దించుకుని ఉన్నాయి. సైకిళ్లవాళ్ల ధోరణి మాత్రం నాకు నచ్చలేదు. గంట కొట్టడమంటే దారి అడగడం కాదు, ఆజ్ఞ జారీ చేయడం అన్నట్టు కొందరు దూసుకుపోయారు.

బ్వోనా విస్టా చేరేలోపే ఒక అపశ్రుతి జరిగింది. బృందంలోని ఒక తమ్ముడు నాలుగేళ్లుగా బీరువాలో దాచిన ఖరీదైన బూట్లు తొడుక్కొచ్చాడు. ఇక్కడి ఉక్కపోతకు లోపలి జిగురు ఎప్పుడో చచ్చిపోయినట్టుంది, అడుగుభాగం మొత్తం అట్టులాగా ఊడి వచ్చింది. పులిహోర డబ్బాలకు వేసిన రబ్బరు బ్యాండ్లు ఏడు తీసి బూటుకు చుట్టాము. ఆ కట్టు టాంగ్లిన్ హాల్ట్ దాకా నిలిచింది. రైలు ఆగే చోటు కాబట్టి ఆ పేటకే హాల్ట్ అనే పేరు వచ్చింది, మేమూ అక్కడే ఆగాము.

రెండో రోజు, ఆదివారం

కల్లాంగ్ పుట్టేది లోయర్ పియర్స్ జలాశయం దగ్గర. 1910 ప్రాంతంలో, నగరానికి మంచినీళ్లు చాలక, మునిసిపల్ ఇంజనీరు రాబర్ట్ పియర్స్ హయాంలో ఈ నది పైభాగానికి అడ్డంగా కట్ట వేసి నీళ్లు నిలిపారు. మొదట దానికి కల్లాంగ్ నది జలాశయం అనే పేరుండేది, 1922లో ఇంజనీరు పేరు పెట్టారు. ఒడ్డున చెక్కబాట ఉంది. దాని పక్కన పాత రబ్బరు చెట్లు కొన్ని అడవిలో కలిసిపోయి ఇంకా బతికే ఉన్నాయి. మలేసియా అక్క ఒక చెట్టు మొదలు దగ్గర కూర్చుని, బెరడు మీద ఏటవాలుగా గాటు ఎలా పెడతారో, పాలు కారి చిప్పలో పడడానికి ఎంతసేపు పడుతుందో వేలితో గీసి చూపించారు. అంతలో కోతులు వచ్చాయి. కోతులకు తిండి పెడితే జరిమానా వేస్తారిక్కడ, కాని కోతి తనంతట తాను గుంజుకుపోతే ఎవరికి జరిమానా వేస్తారో బోర్డు మీద రాయలేదు. గుంటపొంగనాల సంచి ఒకటి అలా పోయింది.

కట్ట మీద నిలబడి మామయ్యగారు అడిగిన మొదటి ప్రశ్న, “ఇళ్లలోంచి వచ్చే మురుగు ఎటు పోతుంది?” అని. మా అందరిలో నీటి సంస్థల పని కొంత తెలిసినవారు ఒకాయన ఉన్నారు, ఆయన నడుస్తూనే వివరించారు. ఇక్కడ వాన నీళ్లకు వేరే కాలువ, ఇంటి మురుగుకు వేరే గొట్టం. మురుగంతా భూమి కింది సొరంగాల గుండా శుద్ధి కేంద్రాలకు వెళుతుంది, అందులో కొంత మళ్లీ మంచినీరుగా తిరిగి వస్తుంది. వాన నీటి కాలువలు మాత్రం జలాశయాలకు చేరతాయి. దేశం భూభాగంలో మూడింట రెండు వంతుల మీద పడిన వానను ఇలా పట్టుకుని 17 జలాశయాల్లో నిలుపుతున్నారు. అంటే వీధి పక్క కాలువలో పారే నీరే కొన్నాళ్లకు కుళాయిలో వస్తుంది. మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే కాలువలో చెత్త వేస్తే మంచినీళ్ల బిందెలో వేసినట్టే కదమ్మా” అన్నారు.

జలాశయం కింద నది సన్నగా బయలుదేరి అప్పర్ థామ్సన్ రోడ్డు కిందుగా వెళ్లి బిషాన్–ఆంగ్ మో కియో పార్కులో తేలుతుంది. ఈ మూడు రోజుల్లో చూడవలసిన చోటు ఒక్కటే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. 62 హెక్టార్ల పార్కు ఇది. ఇక్కడ నది కొన్ని దశాబ్దాల పాటు 2.7 కిలోమీటర్ల పొడవైన తిన్నని కాంక్రీటు కాలువగా ఉండేది. పార్కు ఒక పక్క, ఇళ్లు ఒక పక్క, మధ్యలో కంచె వేసిన కాలువ. 2012 మార్చిలో కొత్త రూపంతో తెరిచేసరికి కాంక్రీటు మాయమై, మూడు కిలోమీటర్లకు పైగా వంపులు తిరుగుతూ గడ్డి ఒడ్ల మధ్య పారే నది వచ్చింది. పగలగొట్టిన కాంక్రీటు పలకలను కూడా పారేయకుండా ఒక చోట గుట్టగా పేర్చారు, దాని మీదికెక్కి చూస్తే వంపులన్నీ కనబడతాయి.

ఒడ్లు కోసుకుపోకుండా ఏం చేశారో తెలుసుకోవడానికి మామయ్యగారు ఒక చోట గడ్డి పాయ తీసి లోపలికి చూశారు. రాళ్లు నింపిన తీగ బుట్టలు, వాటి మీద కొమ్మల మోపులు, కొబ్బరి పీచు చాపల్లాంటి పరుపులు, వాటిలోంచి పైకి వచ్చిన మొక్కల వేళ్లు కనిపించాయి. ముందుగా చిన్న కాలువ మీద రకరకాల పద్ధతులు వేసి చూసి, ఏది ఆగుతుందో తేల్చుకున్నాకే ఇక్కడికి తెచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. ఆయన ఉద్యోగమంతా కాలువలకు లైనింగ్, అంటే లోపలి గట్లకు కాంక్రీటు పూత, చేయించడంలో గడిచింది. “గడ్డి గట్టు అందంగానే ఉంటుంది, వరద వస్తే తెలుస్తుంది” అన్నారు. ఆ తెలియడం మరీ అంత తొందరగా జరుగుతుందని మేమెవరమూ అనుకోలేదు.

తొమ్మిది గంటల వేళ పడమటి దిక్కున ఆకాశం ఒక్కసారిగా సీసం రంగుకు తిరిగింది. సుమత్రా ద్వీపం మీద పుట్టి, మలక్కా జలసంధి దాటి, వరుసగా మేఘాలు కట్టుకుని వచ్చే గాలివానలు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఇక్కడ మామూలే. వాటిని ‘సుమత్రాలు’ అనే పిలుస్తారు. ముందు చల్లటి గాలి కొట్టింది, నిద్రగన్నేరు కొమ్మలు తిరగబడ్డాయి. నది మధ్యలో దాటడానికి వేసిన రాళ్ల మీద పావుగంట ముందు మా పిల్లలు గెంతుతూ ఉన్నారు. తోకను కాబట్టి వాళ్లను లెక్కపెట్టి గట్టెక్కించాల్సింది నేనే, ఆ ఐదు నిమిషాలూ నా గుండె చప్పుడు నాకే వినపడింది. ఒడ్డున వరుసగా నిలిపిన స్తంభాల మీద దీపాలు మిణుకుమన్నాయి, సైరన్ మోగింది, నది ఒడ్డు వదిలి పైకి వెళ్లండని మైకులో వినిపించింది. నీటిమట్టం కొలిచే యంత్రాలకు ఆ సైరన్లను కలిపి ఉంచారట. నా గొడుగు ఇంట్లోనే ఉంది. అందరికీ గొడుగు తెమ్మని క్రితం రాత్రి సందేశం పంపినదాన్ని నేనే.

పైనున్న మండపం కింద తడిసిన బట్టలతో నిలబడి చూశాము. దాటే రాళ్లు మొదట మునిగాయి. తర్వాత ఒడ్డున పిల్లలు కూర్చున్న గడ్డి మెట్టు మునిగింది. టీ రంగు నీళ్లు శబ్దం లేకుండా వెడల్పవుతూ పార్కులోకి పాకాయి. పాత కాలువ వెడల్పు మహా అయితే 24 మీటర్లు, ఇప్పుడు పెద్ద వానకు నది దాదాపు 100 మీటర్ల దాకా విస్తరించగలదు. వరద పార్కును ముంచిందని ఇక్కడ ఎవరూ అనుకోరు, ముంచడానికే పార్కును అలా వదిలారు.

గంటకు వాన వెలిసింది, మరో గంటకు నది తన చోటికి తగ్గిపోయింది. మామయ్యగారు అందరికంటే ముందు కిందికి దిగారు. గడ్డి మొత్తం దువ్వినట్టుగా ఒకే దిక్కుకు, దిగువకు వాలి పడుకుని ఉంది, మధ్యమధ్య ఎండు కొమ్మలు, ఒక ప్లాస్టిక్ చెప్పు. ఆయన వంగి ఒక గుప్పెడు గడ్డి పట్టుకుని లాగారు, రాలేదు. ఇంకోచోట లాగారు, అక్కడా రాలేదు. “పడుకుంది గాని ఊడలేదు” అన్నారు. అంతమాత్రాన ఆయన ఓడిపోయినట్టు ఒప్పుకున్నారని కాదు. దారిలో రోటీ ప్రాటా తింటూ, “ఇది వాళ్లకు కుదిరింది, ఎందుకంటే పక్కన పార్కు ఉంది. బెజవాడలో ఏలూరు కాలువకు, బందరు కాలువకు, రైవస్ కాలువకు రెండు పక్కలా ఇళ్లు గట్టు దాకా వచ్చాయి. నది పడుకోవడానికి జాగా ఎక్కడుంది? అక్కడ నాకు లైనింగే దిక్కు” అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. వంపులు తిప్పిన ఇంజనీరింగ్ గొప్పదే, కాని అంతకు ముందు ఆ 62 హెక్టార్లు ఖాళీగా ఉంచినవాళ్లు లేకపోతే దానికి పని ఉండేది కాదు.

మూడో రోజు, సోమవారం

పౌర్ణమి చంద్రుడు ఇంకా పడమట ఉండగానే బిషాన్ నుంచి బయలుదేరాము. పార్కు దాటగానే నది మళ్లీ కాంక్రీటులో పడింది. నిటారు గోడల మధ్య అడుగున సన్నగా పారే నీళ్లు, గట్టు మీద బాట, బాట పక్కన హెచ్‌డీబీ, అంటే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ, కట్టిన అపార్టుమెంట్ల వరుసలు. నిన్నటి పచ్చదనం చూసిన కళ్లకు ఇది వెలితిగా ఉందని చాలామంది గొణిగారు. నాకు మాత్రం ఈ భాగమే ఎక్కువ నచ్చింది. కాలువకు వీపు పెట్టి కట్టిన ఇళ్లు ఇక్కడ లేవు. కింది అంతస్తు ఖాళీ ఆవరణల్లో ముసలివాళ్లు కూర్చుని కాలువ వైపు చూస్తూ ఉన్నారు, ఒకావిడ గట్టు మీద చేతులు ఊపుతూ వ్యాయామం చేస్తోంది, ఒక కొంగ నీళ్లలో కదలకుండా నిలబడి ఉంది. బ్రాడెల్ రోడ్డు దగ్గరా, ఇంకా దిగువనా పెద్ద రోడ్లు అడ్డం వచ్చినప్పుడల్లా బాట తెగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇరవై రెండు మందిమి రెండు ముక్కలయ్యేవాళ్లం, తోక ముక్క ఎప్పుడూ ఇవతలే మిగిలేది. బిషాన్ నుంచి నగరం దాకా ఎక్కడా ఆగనక్కర్లేకుండా వంతెనలతో, కింది దారులతో కలపాలనే పథకం ఉంది.

పోటోంగ్ పాసిర్ దగ్గర పేర్ల ముచ్చట వచ్చింది. మలయ్‌లో ఆ మాటకు ఇసుక కోత అని అర్థమని మలేసియా అక్క చెప్పగానే, “అంటే ఇసుక రీచ్ అన్నమాట” అని మామయ్యగారు నవ్వారు. ఒకప్పుడు నిజంగానే ఇక్కడ ఇసుక తవ్వేవారు. ఇంకొంచెం దిగువన కోలాం ఆయెర్ వస్తుంది. ఆయెర్ అంటే నీళ్లు, కోలాం అంటే చెరువు. ఆ రెండో మాట తమిళుల కుళానికీ, మన కొలనుకీ ఎంత దగ్గరగా ఉందో నేను చెప్పక్కర్లేదు. అక్కడ నీళ్ల మీదికి దించిన చెక్క వేదిక మీద కూర్చుని పెరుగన్నం తిన్నాము. వేదిక కింద చేపలు మూగాయి. ఎనిమిదిన్నరకే పెరుగన్నం ఏమిటని అడగకండి, నడిచేవాళ్ల గడియారం వేరు.

వాంపోవా వాగు వచ్చి కలిశాక కల్లాంగ్ నిజంగా నదిలాగా వెడల్పయింది. మరికొంత దూరానికి గేలాంగ్, రోచోర్ నదులు కూడా చేరే కల్లాంగ్ బేసిన్ కళ్ల ముందు పరుచుకుంది. ఇసుక తీరం, నిద్రగన్నేరు నీడలు, నీళ్ల మీద తెడ్ల పడవలు, అవతల బోర్లించిన గిన్నెలాంటి నేషనల్ స్టేడియం. ఇదే నీళ్లు యాభై ఏళ్ల కిందట దగ్గరికి రానిచ్చేవి కావు. పరీవాహకంలో పందుల శాలలే ఆరు వందలకు పైగా ఉండేవి, బాతుల పెంపకాలు, పడవలు చేసే షెడ్లు, మరుగుదొడ్లు లేని గుడిసెలు, వీధి అంగళ్ల చెత్త అన్నీ ఇందులోకే వచ్చేవి. 1977 ఫిబ్రవరిలో అప్పర్ పియర్స్ జలాశయం ప్రారంభోత్సవంలో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టారు. పదేళ్లలో సింగపూర్ నదిలోనూ, కల్లాంగ్‌లోనూ చేపలు పట్టుకునేలా ఉండాలన్నారు. 1987కల్లా పని పూర్తయింది. ఈ పనికి వేల కుటుంబాలను ఖాళీ చేయించి వేరే చోట ఇళ్లిచ్చారు, పందుల పెంపకం ఇక్కడి నుంచి తరలిపోయి, చివరికి దేశంలోనే లేకుండా పోయింది. బాగుపడిన నీళ్ల గురించి చెప్పేటప్పుడు ఆ పశువుల కొట్టాలవాళ్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలని నాకనిపిస్తుంది.

“1977 అంటే ఉప్పెన వచ్చిన ఏడాది” అన్నారు మామయ్యగారు. దివిసీమ తీరాన్ని ఆ నవంబరు 19న ముంచిన ఉప్పెన గురించి ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు. ఈసారి కూడా అంతకుమించి మాట్లాడలేదు. నేను అడగలేదు.

ఆ నిశ్శబ్దాన్ని నీటికుక్కలు చెదరగొట్టాయి. తీరం మీద ఏడు కనిపించాయి. నీళ్లలోంచి వరసగా వచ్చి, ఒకదాని మీద ఒకటి పడి ఇసుకలో పొర్లి ఒళ్లు ఆరబెట్టుకున్నాయి. ఒకటి మాత్రం అంగుళం పక్కకు జరగకుండా, ముందు కాళ్లతో చేపను నిలువుగా పట్టుకుని తల వైపు నుంచి కొరుక్కుతింది. పది అడుగుల దూరంలో ఉన్న మాకు ముళ్లు విరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. తినడం అయ్యాక మీసాలు ఇసుకకు రాసుకుంది. మన కోరింగ మడ అడవుల్లో ఉండేది కూడా ఇదే జాతి. ఈ నగరంలో కొన్ని దశాబ్దాల పాటు కనిపించకుండా పోయి, నీళ్లు బాగుపడ్డాక తిరిగి వచ్చాయి. 2014 నుంచి బిషాన్ పార్కులో ఒక కుటుంబం స్థిరపడడంతో జనానికి ముద్దయ్యాయి. ఇళ్ల కొలనుల్లో ఖరీదైన చేపలు పెంచుకునేవారికి అంత ముద్దు కాదు.

తాంజోంగ్ రూ తీరబాట పట్టి, మెరీనా ఈస్ట్ వైపు నుంచి పదకొండున్నరకు మెరీనా బ్యారేజీ చేరాము. అప్పటికి ఎండ నెత్తిన ఉంది, పిల్లలు పేచీ మొదలుపెట్టారు, బూట్ల తమ్ముడు ఇవాళ చెప్పులతో వచ్చి కాళ్లు కొట్టుకుపోయి కుంటుతున్నాడు. మామయ్యగారు ఒక్కరే వేగం పెంచారు. 350 మీటర్ల బ్యారేజీ అది. 2008లో ప్రారంభమైంది. సముద్రపు నీరు లోపలికి రాకుండా ఆపి, ఐదు నదుల మొగలను కలిపి నగరం మధ్యలో మంచినీటి జలాశయం చేసింది. దేశంలో ఆరో వంతు నేల మీద పడిన వాన ఇక్కడికే వస్తుంది.

ఆయన వంతెన మీద నడుస్తూ గేట్లు లెక్కపెట్టారు. తొమ్మిది. “ప్రకాశం బ్యారేజీకి డెబ్బై” అని, మళ్లీ ఇటు చివరి నుంచి అటు లెక్కపెట్టారు. పైకి లేపే గొలుసులు, గేర్లు ఎక్కడా కనబడకపోయేసరికి కొంచెం చిరాకు పడ్డారు. ఈ గేట్లు పైకి లేవవు, అడుగున బందుల మీద తిరిగి కిందికి వాలుతాయి. పెద్ద వాన పడి, అప్పుడు సముద్రం దిగివుంటే, గేట్లు వాల్చి నీళ్లు వదులుతారు. సముద్రం పోటు మీద ఉంటే గేట్లు వాల్చినా నీళ్లు పోవు, పైపెచ్చు ఉప్పునీరు లోపలికి వస్తుంది, అందుకని సెకనుకు 40 ఘనమీటర్లు తోడే పంపులు ఏడు పెట్టారు. ఇది చెప్పడం నేను పూర్తి చేయకముందే ఆయనకు అర్థమైపోయింది. డెల్టా చివరి మురుగు కాలువల దగ్గర పనిచేసిన మనిషి ఆయన. వరద, పోటు ఒకే పూట వస్తే కాలువ వెనక్కి తన్ని వరి చేలు ఎన్ని రోజులు నీళ్లలో నానతాయో, చేలవాళ్లు వచ్చి స్లూయిజు తలుపు ఎప్పుడు తీస్తారని నిలదీస్తే ఏం చెప్పాలో ఆయనకు బాగా తెలుసు. “మేము తలుపు దగ్గర కూర్చుని సముద్రం ఎప్పుడు దిగుతుందా అని బీడీలు కాల్చేవాళ్లం. వీళ్లు పంపు పెట్టారు” అన్నారు.

మేము నిలబడిన వేళ పున్నమి పోటు. ఒక పక్క జలాశయం పలకలాగా నిశ్చలంగా ఉంది, ఇంకో పక్క సముద్రం గేట్లను ఒరుసుకుంటూ ఊగుతోంది, దాని మట్టమే కాస్త ఎత్తుగా ఉన్నట్టు నా కంటికి తోచింది. దూరాన జలసంధిలో ఓడలు లంగరు వేసుకుని ఉన్నాయి. బ్యారేజీ భవనం కప్పు మీద గడ్డి పెంచారు, అక్కడ కుటుంబాలు గాలిపటాలు ఎగరేస్తున్నాయి. మా పిల్లలు అటు పరుగెత్తారు. మిగిలినవాళ్లు నీడ చూసుకుని చతికిలబడ్డారు, నేను తలలు లెక్కపెట్టాను, ఇరవై ఒకటి వచ్చాయి.

ఇరవై రెండో మనిషి వంతెన మధ్యలో, సముద్రం వైపు గోడ మీద మోచేతులు ఆనించి నిలబడి ఉన్నారు. దగ్గరికి వెళ్లాను. “సముద్రం పాటు ఎన్నింటికి మొదలవుతుందో నీ ఫోన్లో చూసి చెప్పు అమ్మాయ్” అని అడిగారు. చూసి చెప్పాను. బస్సు ఎక్కడానికి అందరూ లేచి నిలబడ్డారని కూడా చెప్పాను. “వాళ్లను పొమ్మను, మనం కాసేపుండి వద్దాం” అన్నారు. తోకను వదిలేసి ఎవరూ రైలెక్కకూడదనే నియమంలో బస్సు సంగతి రాసుకోలేదు కాబట్టి, వాళ్లు 400 నంబరు బస్సెక్కి వెళ్లిపోయారు. మేమిద్దరం నీళ్లు తాగి, గోడ నీడలోకి జరిగి, గోడ మీది నల్లటి తడి గీత దిగడం కోసం చూస్తూ నిలబడ్డాము.